మిత్తికి కాదు, పాలుకు ఇద్దాం



వార్షికోత్సవ సంచిక అనగానే చదువు గురించి, ఉద్యోగాల గురించి, రిజర్వేషన్ల గురించి వ్యాసాలు వస్తాయి. రావాలి కూడా. ఈసారి మేము మాత్రం మిత్తి గురించి రాస్తున్నాం. రేకు పెట్టె, పళ్లెం, గ్లాసు పట్టుకొని ఈ హాస్టల్ గేటులోకి వచ్చిన రోజు మన జేబులో ఉన్న ఆ కొద్ది డబ్బులు కూడా మనలో చాలామందికి మిత్తికి తెచ్చినవే. జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి వచ్చిన వాళ్ల అమ్మలు చాట ముందు కూర్చొని బీడీలు చుట్టేవాళ్లు. సిరిసిల్ల నుంచి వచ్చిన వాళ్ల నాన్నలు రాత్రి షిఫ్టులో సాంచాల దగ్గర నిలబడేవాళ్లు. ఇంకొందరి నాన్నలు, అన్నలు దుబాయిలోనో సౌదీలోనో ఉండేవాళ్లు. పనులు వేరైనా అన్ని ఇళ్లలోనూ నెల తిరిగేసరికి ఒకటే మాట వినబడేది: మిత్తి కట్టే రోజు వచ్చింది.

మనలో కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. వాళ్ల ఫొటోలు హాస్టల్ గోడ మీద ఉన్నాయి. కానీ డిగ్రీ చేతిలో పెట్టుకొని ఉద్యోగం రాక, చిన్న డబ్బా పెట్టుకున్నవాళ్లు, బండి తోసుకుంటున్నవాళ్లు, సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నవాళ్లు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. వాళ్ల ఫొటోలు ఏ గోడ మీదా లేవు. ఈ వ్యాసం వాళ్ల కోసం.

మా సీనియర్ అన్న ఒకాయన ఉండేవాడు. పేరు చెప్పం. మెస్సులో వంటమనిషి రాని రోజు తానే గంటె పట్టి వంద మందికి పప్పు చేసిన మనిషి. చదువు అయ్యాక బస్టాండు దగ్గర మిర్చి బజ్జీల బండి పెట్టాడు. బ్యాంకు జామీను అడిగింది. భూమి లేదు, బంగారం లేదు. చివరికి గిరిగిరి తీసుకున్నాడు. బండి బాగానే నడిచింది. సాయంత్రం అయితే చుట్టూ జనమే. ఆరు నెలలకు కామెర్లు వచ్చి పన్నెండు రోజులు పడుకున్నాడు. బండి ఆగింది, కిస్తీ ఆగలేదు. వసూలు పిల్లగాడు రోజూ సాయంత్రం ఇంటి ముందు మోటారు సైకిలు ఆపి హారన్ కొట్టేవాడు. ఆ కిస్తీ కట్టడానికి ఇంకొక గిరిగిరి, అది కట్టడానికి మూడు రూపాయల మిత్తి. ఏడాది తిరిగేసరికి బండి అమ్మేసి, వీసాకు మళ్లీ అప్పుచేసి మస్కట్ పోయాడు. ఆయన బజ్జీల్లో లోపం లేదు, కష్టంలో లోపం లేదు. లోపమంతా ఆ పైసలు వచ్చిన తీరులో ఉంది.

ఆ తీరు ఏమిటో ఒకసారి లెక్కేసి చూద్దాం. గిరిగిరిలో చేతికి తొమ్మిది వేలు ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు, అంటే పది వేలు కట్టాలి. వెయ్యి రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తగ్గుతూ ఉంటుంది కాబట్టి సగటున మన చేతిలో ఉండేది నాలుగున్నర వేలే. దాని మీద వంద రోజులకు వెయ్యి. ఏడాదికి లెక్కిస్తే నూటికి ఎనభై దాటుతుంది. మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి నూటికి ముప్పై ఆరు. ఇల్లు, భూమి, ప్రభుత్వ ఉద్యోగం ఉన్నవాడికి బ్యాంకు ఇందులో మూడో వంతుకే ఇస్తుంది. ఏమీ లేనివాడికే అందరికంటే ఎక్కువ మిత్తి.

ఇది కొత్త న్యాయం కాదు. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం మిత్తిని వర్ణాన్ని బట్టి నిర్ణయించింది. బ్రాహ్మణుడికి నెలకు నూటికి రెండు, క్షత్రియుడికి మూడు, వైశ్యుడికి నాలుగు, శూద్రుడికి ఐదు. ఆ నాలుగు వర్ణాల బయట పెట్టిన మన తాతలకు ఆ పట్టికలో చోటే లేదు. ఇవాళ ఆ పుస్తకం ఎవరూ తెరవరు. అయినా రేటు మాత్రం కింది మెట్టు మీద ఉన్నవాడికే ఎక్కువగా పడుతోంది. ఇప్పుడు వర్ణం అడగరు, జామీను అడుగుతారు. అంతే తేడా.

అసలు ప్రశ్న రేటు ఒక్కటే కాదని మా అభిప్రాయం. నష్టం ఎవరిది అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. అప్పు ఇచ్చినవాడు వ్యాపారం ఎలా ఉందని అడగడు, కిస్తీ ఎక్కడని అడుగుతాడు. వాన పడ్డా, కర్ఫ్యూ పెట్టినా, కామెర్లు వచ్చినా అతని లాభం అతనికి రాసిపెట్టి ఉంటుంది. నష్టమంతా బండివాడి నెత్తినే. పావలా వడ్డీ అయినా, పది రూపాయల వడ్డీ అయినా ఈ ఒక్క విషయంలో రెండూ ఒకటే.

ఈ ప్రశ్నకు వేరే జవాబు చెప్పిన సంప్రదాయం ఒకటి మన పక్క గల్లీలోనే ఉంది. అది ఇస్లాం. ఖుర్ఆన్ వ్యాపారాన్ని ఒప్పుకొని వడ్డీని నిషేధించింది. వడ్డీని అరబ్బీలో రిబా అంటారు. అయితే పైసలు ఉన్నవాడికి, పని ఉన్నవాడికి పొత్తు కుదిరేది ఎలా? దానికి రెండు పద్ధతులు చెప్పారు. మొదటిది ముదారబా. ఒకరిది పెట్టుబడి, ఇంకొకరిది కష్టం. లాభం వస్తే ముందుగా ఒప్పుకున్న పాళ్లలో పంచుకుంటారు. నష్టం వస్తే పెట్టుబడి పెట్టినవాడికి డబ్బు పోతుంది, పని చేసినవాడికి చేసిన కష్టం పోతుంది. మోసమో, నిర్లక్ష్యమో ఉంటే తప్ప పనివాడి నుంచి అసలు వసూలు చేయకూడదు. రెండోది ముషారకా. ఇద్దరూ పెట్టుబడి పెడతారు. లాభాన్ని ఒప్పందం ప్రకారం, నష్టాన్ని మాత్రం ఎవరి పెట్టుబడి ఎంతో అంత పాళ్లలో పంచుకుంటారు. ఇంత లాభం ఖాయం అని ముందే రాసుకోవడం రెండింటిలోనూ కుదరదు. ప్రవక్త ముహమ్మద్ యువకుడిగా ఉన్నప్పుడు ఖదీజా పెట్టుబడితో ఆమె సరుకు తీసుకొని వ్యాపారానికి వెళ్లిన సంగతి ముస్లిం మిత్రులకు చిన్నప్పటి నుంచి తెలిసిందే.

ఇది తురకవాళ్ల వ్యవహారం, మనకెందుకు అనే మిత్రులు ఉంటారు. వాళ్లను ఒక్కసారి తమ ఊరికి వెళ్లి చూసి రమ్మంటాం. మన ఊళ్లలో మేకను పాలుకు ఇవ్వడం తెలియనివాళ్లు ఎవరు? మేక ఒకరిది, మేపేది ఇంకొకరు. పుట్టిన పిల్లల్లో సగం వీళ్లకు, సగం వాళ్లకు. రోగం వచ్చి మేక చచ్చిపోతే మేపినవాడి దగ్గర మేక ధర ఎవరూ గుంజరు. వాడి కష్టం పోయింది, వీడి మేక పోయింది, లెక్క సరి. ముదారబా అంటే ఇదే. మన తాతలు అరబ్బీ చదవలేదు, కానీ ఈ న్యాయం వాళ్లకు తెలుసు. బైబిలు చదివే మిత్రులకు కూడా చెబుతున్నాం: బీదవాడైన సోదరుడి దగ్గర వడ్డీ తీసుకోవద్దనే ధర్మం పాత నిబంధనలోని నిర్గమకాండంలో ఉంది. మేకకు పనికివచ్చిన న్యాయం బజ్జీల బండికి ఎందుకు పనికిరాదు?

మన గడ్డకు వడ్డీ లేని సంఘాలు కూడా కొత్తవి కావు. జగిత్యాల, సిరిసిల్ల హైదరాబాద్ రాజ్యంలో ఉన్న కాలంలోనే, పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచే, హైదరాబాద్ నగరంలో వడ్డీ లేకుండా అప్పులిచ్చే సంఘాలు నడిచాయి. హైదరాబాద్‌లో పుట్టి ప్యారిస్‌లో స్థిరపడిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1955లో అచ్చయిన వ్యాసంలో వాటి గురించి రాశారు. బయటి దేశాల సంగతి చూస్తే, 1963లో ఈజిప్టులో మిత్ గమ్ర్ అనే చిన్న పట్టణంలో అహ్మద్ అల్ నజ్జార్ ఒక పొదుపు బ్యాంకు పెట్టాడు. జర్మనీలో చూసిన పొదుపు బ్యాంకుల పద్ధతిని వడ్డీ లేకుండా మలిచి, రైతులు, చిన్న పనివాళ్లు దాచుకున్న పైసలనే మళ్లీ వాళ్ల పనుల్లో పెట్టాడు. నాలుగేళ్లకు, 1967లో, ఆ ప్రయోగం ఆగిపోయినా ఆ ఆలోచన ఆగలేదు. 1975లో దుబాయ్ ఇస్లామిక్ బ్యాంకు వచ్చింది. మన అన్నలు మూడు రూపాయల మిత్తికి తెచ్చిన పైసలతో వీసా కొనుక్కొని దిగే ఆ నగరంలోనే వడ్డీ లేని బ్యాంకు యాభై ఏళ్లుగా నడుస్తోంది.

ఇంతవరకు మంచి చెప్పాం. చెడు కూడా చెప్పకపోతే ఈ వ్యాసం పాంప్లెటు అయిపోతుంది.

మొదటి కష్టం లెక్క. లాభంలో వాటా అన్నప్పుడు లాభం ఎంతో తెలియాలి. బండివాడు ఇవాళ మూడు వందలే మిగిలిందంటే కాదని ఎలా చెప్పగలం? ఈ భయం వల్లనే ఇస్లామిక్ బ్యాంకులు కూడా చాలావరకు పొత్తు వదిలేసి, సరుకు కొని లాభం కలిపి వాయిదాల మీద అమ్మే పద్ధతికి పోయాయి. బంగ్లాదేశ్‌లో ఇస్లామీ బ్యాంకు 1995లో పల్లెల కోసం మొదలుపెట్టిన పథకంలోనూ ఎక్కువ నడిచింది ఆ వాయిదాల అమ్మకమే. అది తప్పని మేము అనడం లేదు. కానీ అందులో నష్టం మళ్లీ బీదవాడి వైపే జరిగిపోతుంది.

రెండో కష్టం దోపిడీ. పొత్తు అన్న పేరు పెట్టగానే న్యాయం వచ్చేయదు. ఇరవై వేలు పెట్టి నెలకు తొమ్మిది వేల లాభంలో సగం అడిగేవాడు గిరిగిరివాడి కంటే ఘోరమైనవాడు. సిరిసిల్లలో ఆసాముల సంగతి చూడండి. సాంచాలు ఆసామివే, కానీ నూలు యజమానిది, బట్ట అమ్మకం యజమానిది. ఆసామికి దక్కేది మీటరుకు ఇంత అనే కూలి. మార్కెట్ లేచినప్పుడు ఆ లాభం అతని దాకా రాదు. మార్కెట్ పడితే మాత్రం బీములు రావడం ఆగి సాంచాలు ఆగుతాయి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చి కొన్నేళ్లు సాంచాలు ఆడాయి. 2024లో ఆ పని లేక మళ్లీ ఆగాయి. తరువాత మహిళా సంఘాల చీరల ఆర్డర్లు వచ్చాయి. సర్కారు ఆర్డరు వస్తే బతుకు, రాకపోతే అప్పు. నూలు పెట్టినవాడు, నేసినవాడు బట్ట ధరలో పాళ్లు పంచుకునే రోజు రానంతకాలం ఇది మారదు.

మూడో కష్టం మోసం. హలాల్ వ్యాపారం, వడ్డీ లేని లాభం అనే మాటలు చెప్పి జనం దగ్గర పైసలు పోగుచేసిన కంపెనీల సంగతి మనం చూశాం. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూపు మీద 2018లో కేసులు వచ్చాయి, అధినేత అరెస్టు అయ్యారు. ఏడాదికి 36 శాతం దాకా లాభం ఆశ చూపారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఆరోపణ. 2019 జూన్‌లో బెంగళూరులో ఐఎంఏ కుప్పకూలి, యజమాని దుబాయి పారిపోయి, జూలైలో పట్టుబడ్డాడు. ఈ మోసాలను గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నిజమైన పొత్తులో నెలనెలా ఇంత లాభం ఖాయం అని ఎవరూ చెప్పలేరు. చెప్పారంటే అది పొత్తు కాదు. 36 శాతం అంటే మన మూడు రూపాయల మిత్తేనని కూడా గుర్తుపెట్టుకోండి.

అప్పు ఇచ్చే పద్ధతి కూడా మనల్ని కాపాడలేదు. మైక్రోఫైనాన్స్ కంపెనీలు మహిళలను గుంపులుగా కూర్చోబెట్టి ఒకరికి ఒకరిని జామీను పెట్టించాయి. వసూళ్ల బాధ, ఆత్మహత్యల వార్తలు పెరిగాక 2010 అక్టోబరులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, తరువాత అది చట్టమైంది. ఇటు బ్యాంకుల్లో వడ్డీ లేని విభాగం పెట్టాలని 2008లో రఘురాం రాజన్ కమిటీ సిఫారసు చేసింది. చాలాకాలం చర్చ జరిగాక, ఆ దారిలో ముందుకు పోవడం లేదని 2017లో రిజర్వు బ్యాంకు చెప్పింది. కాబట్టి పైనుంచి ఏదో వస్తుందని కూర్చోవడంలో అర్థం లేదు.

మరి మనం చేయగలిగింది ఏమిటి? మా ప్రతిపాదన చిన్నది. ఉద్యోగాలు వచ్చిన పూర్వ విద్యార్థులు నలభై మంది తలా రెండున్నర వేలు వేస్తే లక్ష రూపాయలు. దాంతో తలా ఇరవై వేల చొప్పున అయిదు చిన్న వ్యాపారాల్లో పొత్తు కలవవచ్చు. బజ్జీల బండినే లెక్కకు తీసుకుందాం. మొత్తం ముప్పై వేలు కావాలి. మన తమ్ముడు పది వేలు, మన నిధి ఇరవై వేలు. కష్టమంతా తమ్ముడిది కాబట్టి లాభంలో నిధికి నూటికి అయిదు, అతనికి తొంభై అయిదు. తొమ్మిది వేలు మిగిలిన నెల నిధికి 450. రెండు వేలే మిగిలిన నెల 100. ఏమీ మిగలని నెల ఏమీ లేదు. గాలివానకు బండి విరిగి ఆరు వేలు నష్టం వస్తే నిధిది నాలుగు వేలు, తమ్ముడిది రెండు వేలు.

నెలకో వెయ్యి రూపాయల వాటా చొప్పున నిధి దగ్గర నుంచి తమ్ముడు కొనుక్కుంటూ పోతే, బండి విలువ నిలకడగా ఉందనుకుంటే, ఇరవై నెలలకు బండి పూర్తిగా అతనిదే. వాటా తగ్గినకొద్దీ నిధి పాలు కూడా తగ్గుతుంది. ప్రతి నెలా తొమ్మిది వేలు మిగిలినా ఇరవై నెలల్లో నిధికి అందేది మొత్తం 4,725. అదే ఇరవై వేలు మూడు రూపాయల మిత్తికి తెచ్చి, నెలకో వెయ్యి అసలు కట్టనిచ్చినా మిత్తి 6,300 అవుతుంది. కట్టనివ్వకపోతే పన్నెండు వేలు, అసలు అలాగే ఉంటుంది. చూశారా, అంతా బాగా నడిచినప్పుడు రెండింటికీ తేడా పెద్దగా ఏమీ లేదు. తేడా అంతా ఆ పన్నెండు రోజుల కామెర్లలో ఉంది. పొత్తులో ఉన్న మనిషి ఇంటి ముందుకొచ్చి హారన్ కొట్టడు. పండ్లు పట్టుకొని వస్తాడు, ఎందుకంటే బండి మళ్లీ నడవడం అతనికీ కావాలి.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. నియంత్రణ సంస్థల దగ్గర నమోదు లేని పథకాల పేరుతో డిపాజిట్లు పోగుచేస్తే 2019 నాటి చట్టం ప్రకారం నేరం. మనం డిపాజిట్లు తీసుకోం. 1932 నాటి భాగస్వామ్య చట్టం కింద పొత్తు పత్రం రాసుకోవచ్చు. పెద్దదైతే 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సభ్యుల వాటా ధనంతోనే సంఘం పెట్టుకోవచ్చు. మన పాత కరీంనగర్ జిల్లాలోనే 1956లో పుట్టిన ముల్కనూరు సహకార సంఘం దేశమంతా చెప్పుకునేంత ఎదిగింది. మన పూర్వ విద్యార్థుల్లో వకీళ్లు, ఆడిటర్లు ఉన్నారు. ఒక్క ఆదివారం కూర్చుంటే కాగితం తయారవుతుంది.

ఇక మిగిలింది లెక్క. లెక్క ఎవరు చూస్తారు అని అడిగేవాళ్లకు మా జవాబు: మెస్ కమిటీ. ఈ హాస్టల్లో మనం నేర్చుకున్నది పాఠాలు మాత్రమే కాదు. బియ్యం ఎన్ని కిలోలు దిగాయి, పప్పు ఎంత వాడారు, నూనె ఎంత మిగిలింది అని రోజూ రిజిస్టరులో రాసి, ఇద్దరు సంతకం పెట్టి, తేడా వస్తే మీటింగులో నిలదీసింది మనమే. నెల చివర మెస్ బిల్లు పైసాతో సహా తేల్చినవాళ్లకు బజ్జీల బండి లెక్క లెక్కా? రోజుకు ఒక పేజీ: తెచ్చిన సరుకు, అమ్మిన సొమ్ము, మిగిలింది. వారానికి ఒకసారి పక్క ఊరి మిత్రుడు వెళ్లి చూసి సంతకం పెట్టాలి. అబద్ధం ఆడేవాడు ఆడతాడు. కానీ ఒకే గదిలో అయిదేళ్లు పడుకున్నవాళ్ల ముందు ఆడటం బ్యాంకు మేనేజరు ముందు ఆడినంత తేలిక కాదు. జామీను ఇవ్వడానికి మన దగ్గర భూములు లేవు. ఒకరినొకరు ఎరిగి ఉండటమే మన జామీను.

ఒక్క హెచ్చరిక. ఇది దానధర్మం కాదు. ఆసుపత్రికి, ఫీజుకు ఇచ్చేది వేరుగా ఇద్దాం, తిరిగి అడగకుండా ఇద్దాం. ఈ నిధి మాత్రం వ్యాపారానికే. అయిదింటిలో ఒకటో రెండో మునుగుతాయి. మునిగినప్పుడు మన వంతు నష్టం మనం మౌనంగా భరించాలి. అది చేతకాకపోతే ఈ పని మొదలుపెట్టనే వద్దు.

డాక్టర్ అంబేద్కర్ 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టినప్పుడు మొదట చేసిన పనుల్లో ఒకటి షోలాపూర్‌లో విద్యార్థులకు హాస్టల్ తెరవడం. మన సిరిసిల్ల వాళ్లు సాంచాల పనికి వలసపోయిన ఊరే అది. హాస్టల్ అంటే అన్నం పెట్టే చోటు మాత్రమే అయితే అంత పెద్దాయన దాని మీద అంత శ్రద్ధ పెట్టేవాడు కాదు. ఒకే గిన్నెలోది పంచుకొని తిన్నవాళ్లు బయట కూడా లాభం, నష్టం పంచుకొని బతుకుతారనే ఆశ అందులో ఉందని మేము అనుకుంటున్నాం.

మస్కట్‌లో ఉన్న మా అన్న వచ్చే ఏడాది వచ్చేస్తానని ఫోన్‌లో చెప్పాడు. మళ్లీ బండి పెడతాడట. ఈసారి ఆయన ఎవరి గడప తొక్కాలో వార్షికోత్సవం రోజున మనమందరం కూర్చొని తేల్చుకుందాం. మొదటి రెండున్నర వేలు మావి రాసుకోండి.